మసూర్ ప్లాట్‌ఫారం దాటాక

పుణే నుంచి మిరజ్ వెళ్లే రైలు మార్గంలో, మహారాష్ట్రలోని సతారా జిల్లా కరాడ్ తాలూకాలో, మసూర్ అనే ఒక చిన్న స్టేషన్ ఉంది. అది పెద్ద జంక్షన్ కాదు, పుణ్యక్షేత్రానికి ద్వారమూ కాదు. అయినా ఈ దేశంలో కులాన్ని గురించి ఆలోచించే ప్రతి విద్యార్థీ ఒకసారి ఆ స్టేషన్‌లో దిగి తీరాలి. 1901 వేసవిలో ఒక సాయంత్రం ఐదు గంటలకు అక్కడ నలుగురు పిల్లలు రైలు దిగారు. వారిలో ఒకరు, దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత భారత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన భీమ్‌రావ్ రాంజీ అంబేడ్కర్.

ఆ సాయంత్రం, ఆ రాత్రి ఏం జరిగిందో అంబేడ్కరే రాసిపెట్టారు. 1935-36 ప్రాంతంలో ఆయన రాసుకున్న చిన్న రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో మొదటి సంఘటన ఇదే. ఆయన జీవించి ఉండగా అది అచ్చు కాలేదు. 1990లో ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ దానిని పుస్తకంగా వెలువరించింది. తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన ఆయన రచనల 12వ సంపుటంలో చేరింది. అప్పటికి తనకు తొమ్మిదేళ్లని, ఆ ఘటన తన మనసుపై చెరగని ముద్ర వేసిందని ఆయన రాసుకున్నారు. మనం ఆ కథను ఒక మహనీయుడి బాల్యంలోని బాధాకర ఘట్టంగా చదివి, కళ్లు తుడుచుకుని పక్కన పెట్టేస్తున్నాం. కానీ అందులో ఒక రైల్వే స్టేషన్ ఉంది, ఒక ఉద్యోగి ఉన్నాడు, ఒక బండి కిరాయి ఒప్పందం ఉంది, ఒక దారి ఉంది. ఆధునిక వ్యవస్థలు కులాన్ని ఎక్కడిదాకా ఎదిరించాయో, ఎక్కడ దానితో రాజీ పడ్డాయో ఆ నాలుగూ కలిసి చెబుతాయి.

ముందుగా ఆ పిల్లలు అక్కడికి ఎందుకు వచ్చారో చూడాలి. వారి కుటుంబం రత్నగిరి జిల్లా దాపోలి తాలూకాకు చెందినది. తరతరాలుగా ఊరి చాకిరీకి కట్టుబడిన మహర్లకు ఈస్టిండియా కంపెనీ సైన్యం ఒక బయటి దారి చూపింది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్ హోదా దాకా ఎదిగారు. 1890ల మొదట్లో, 'యుద్ధ జాతుల' సిద్ధాంతం పేరుతో, మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. పదవీ విరమణ చేసిన రాంజీ కొంతకాలానికి కుటుంబాన్ని సతారాకు తెచ్చారు. ఆ దశాబ్దం చివర దక్కన్‌ను ఘోర కరవు కమ్మేసింది. ఆకలితో చనిపోతున్న ప్రజలకు పని కల్పించడానికి బొంబాయి ప్రభుత్వం ఖటావ్ తాలూకాలోని గోరెగావ్‌లో ఒక చెరువు తవ్వకం చేపట్టింది. రాంజీకి అక్కడ క్యాషియర్ ఉద్యోగం దొరికింది. భీమ్‌రావ్ తల్లి అప్పటికే చనిపోయారు. భీమ్‌రావ్, అన్న, చనిపోయిన పెద్దక్క కొడుకులు ఇద్దరు సతారాలో మేనత్త సంరక్షణలో ఉండిపోయారు. కరవు పనుల లెక్కలు వదిలి రాలేని తండ్రి, వేసవి సెలవులకు తన దగ్గరకు రమ్మని పిల్లలకు ఉత్తరం రాశారు.

ఆ పిలుపు ఆ ఇంట్లో పండగ తెచ్చింది. ఇంగ్లీషు గుడ్డతో కుట్టిన కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు ధోవతులు సిద్ధమయ్యాయి. వారిలో ఎవరూ అంతకుముందు రైలు ఎక్కలేదు. పది మైళ్ల దూరంలో ఉన్న స్టేషన్‌కు టాంగాలో వెళ్లారు. అన్న టికెట్లు కొని, తలా రెండు అణాలు చేతి ఖర్చుకు ఇచ్చాడు. పిల్లలు వెంటనే ఒక్కో లెమనేడ్ సీసా తెప్పించుకుని తాగారు. ఈ లెమనేడ్‌ను గుర్తుపెట్టుకోవాలి. చేతిలో డబ్బు ఉంటే స్టేషన్‌లో ఏదైనా కొనుక్కోవచ్చన్న నమ్మకం ఆ పిల్లలకు ఆ పూట కలిగింది. ఆ నమ్మకం కొద్ది గంటలే నిలిచింది.

మసూర్‌లో దిగిన ప్రయాణికులు కొద్ది నిమిషాల్లో వెళ్లిపోయారు. తండ్రి గానీ, ఆయన పంపిన మనిషి గానీ కనిపించలేదు. గంట గడిచింది. స్టేషన్ మాస్టర్ వచ్చి టికెట్లు చూశాడు, ఎక్కడికి వెళ్లాలని అడిగాడు. పిల్లల దుస్తులూ మాటతీరూ చూసి బ్రాహ్మణ పిల్లలనుకుని జాలిపడ్డాడు. తర్వాత అలవాటుగా వచ్చే ప్రశ్న వేశాడు. మీరెవరు అని అడిగాడు. తాము మహర్లమని చిన్న భీమ్‌రావ్ ఏమీ ఆలోచించకుండా చెప్పేశాడు. స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. మరో మాట లేకుండా తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ పిల్లల దగ్గర చెల్లుబాటయ్యే టికెట్లు ఉన్నాయి. రైల్వే నిబంధనల ప్రకారం వారిని అడగాల్సింది టికెట్ ఒక్కటే. దానిని చూపించారు కూడా. ఆ తర్వాత వేసిన ప్రశ్న రైల్వేది కాదు, ఊరిది. ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి రైల్వే కోటు తొడుక్కున్నా, ఊరి ప్రశ్నను కోటు జేబులోనే తెచ్చుకున్నాడు. రైలు కులాన్ని అడగదని మనం తరచూ చెప్పుకుంటాం. యంత్రం అడగదు, నిజమే. కానీ ఏ వ్యవస్థనైనా నడిపేది మనుషులు. వారు ఏ ప్రశ్న వేస్తారన్నది నిబంధనల పుస్తకం ఒక్కటే తేల్చదు.

ఈ విషయంలో పందొమ్మిదో శతాబ్దపు గొప్ప మేధావి అంచనా కూడా పూర్తిగా నిజం కాలేదు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. అదే ఏడాది ఆగస్టులో 'న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్'లో కార్ల్ మార్క్స్ రాసిన వ్యాసం వెలువడింది. రైల్వేల నుంచి పుట్టుకొచ్చే ఆధునిక పరిశ్రమ, కులాలకు ఆధారమైన వంశపారంపర్య శ్రమ విభజనను కరిగించివేస్తుందని ఆయన అందులో ఊహించారు. ఆ అంచనాకు ఆధారం లేకపోలేదు. మూడో తరగతి పెట్టెలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఊరి పెద్దలు నిర్ణయించలేకపోయారు. కానీ కులం ఆ పెట్టె చుట్టూ మరో ఏర్పాటు చేసుకుంది. ఉత్తరాది స్టేషన్లలో 'హిందూ పానీ', 'ముస్లిం పానీ' అంటూ వేరువేరు నీళ్లు పోశారు. దక్షిణాది స్టేషన్ల ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు ప్రత్యేక గదులు ఉండేవి. వాటిని తొలగించడానికి ద్రావిడ ఉద్యమం 1940ల మొదటిదాకా పోరాడవలసి వచ్చింది. పక్కపక్కన కూర్చోవడాన్ని ఆపలేని కులం, దాహం వేసిన చోట కాపు కాసింది.

మసూర్‌కు తిరిగి వద్దాం. స్టేషన్ బయట కిరాయి బండ్లు చాలా ఉన్నాయి. కానీ పిల్లల కులం సంగతి అప్పటికే బండివాళ్లందరికీ తెలిసిపోయింది. ఒక్కరూ ముందుకు రాలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా కదల్లేదు. చివరికి స్టేషన్ మాస్టరే ఒక ఉపాయం ఆలోచించాడు. బండి తోలడం వచ్చా అని పిల్లలను అడిగాడు. వచ్చునన్నారు. కిరాయి రెట్టింపు ఇస్తారు, బండి వాళ్లే తోలుకుంటారు, నువ్వు పక్కన నడిచి రా అని బండివాళ్లకు చెప్పాడు. ఒకడు ఒప్పుకున్నాడు.

ఈ ఒప్పందాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. బండివాడికి రెట్టింపు కిరాయి దక్కింది, అతని శుద్ధీ చెడలేదు. స్టేషన్ మాస్టర్‌కు తలనొప్పి తీరింది, మంచిపని చేసిన తృప్తీ మిగిలింది. నష్టమంతా పిల్లలదే. డబ్బు రెట్టింపు పోసి, చాకిరీ కూడా తామే చేయవలసి వచ్చింది. మహర్ పిల్లల చేతి డబ్బుకు మైల అంటలేదు, వారి శరీరాలకే అంటింది. కులం మార్కెట్‌ను అడ్డుకుంటుందని, మార్కెట్ వస్తే కులం పోతుందని వాదించేవారు ఈ లావాదేవీని చూడాలి. ఇక్కడ కులమూ మార్కెట్టూ ఒకదానినొకటి అడ్డుకోలేదు, రెండూ కలిసి అంటరానితనానికి ఒక ధర నిర్ణయించాయి. నేడు నగరంలో ఇల్లు అద్దెకు వెతుక్కుంటూ ఊరి పేరు, ఇంటిపేరు చెప్పుకోవలసి వచ్చిన ప్రతి దళిత విద్యార్థికీ ఈ ధర ఎంతో తెలుసు.

మిగిలిన ప్రయాణం నీటి కోసం సాగింది. మేనత్త కట్టి ఇచ్చిన బుట్ట నిండా అన్నం ఉంది. దారిలో ఏటి దగ్గర ఆగినప్పుడు కనిపించిన మడుగులు పశువుల పేడతో, మూత్రంతో కంపు కొడుతున్నాయి. కొద్దిగా తిని ఆపేశారు. ఈలోగా బండివాడు కిరాయిలో కొంత తీసుకుని, దగ్గరి ఊళ్లో భోంచేసి వచ్చాడు. నాలుగైదు మైళ్లు వెళ్లాక అతను ఉన్నట్టుండి బండిలోకి ఎక్కి పగ్గాలు అందుకున్నాడు. మైల భయంతో పక్కన నడిచిన మనిషి పిల్లల పక్కనే కూర్చున్నాడు. ఎందుకని అడిగే ధైర్యం వారికి లేకపోయింది. నాకు తోచిన కారణం ఒకటే. చూసేవాళ్లు లేని చీకటి దారిలో మైల లేదు. కులానికి సాక్షులు కావాలి. నలుగురూ చూస్తున్న చోట పాటించేదే దాని ధర్మం.

అర్ధరాత్రికి ఒక కొండ దగ్గరి టోల్‌గేటు చేరారు. టోలు వసూలు చేసేవాడు హిందువని, నిజం చెబితే నీళ్లు ఇవ్వడని, ముస్లింలమని చెప్పి చూడమని బండివాడే సలహా ఇచ్చాడు. భీమ్‌రావ్ వెళ్లి ఉర్దూలో అడిగాడు. అయినా నీళ్లు దొరకలేదు. కావాలంటే కొండ మీద ఉన్నాయి, వెళ్లి తెచ్చుకోమన్న సమాధానం వచ్చింది. బుట్టలో అన్నం ఉండగానే, నీళ్లు లేక, పిల్లలు ఆకలితో పడుకున్నారు. ఇద్దరు నిద్రపోతే ఇద్దరు కాపలా కాశారు. మర్నాడు పదకొండు గంటలకు గోరెగావ్ చేరారు. వారిని చూసి తండ్రి ఆశ్చర్యపోయారు. ఉత్తరం అందుకున్న నౌకరు ఆ సంగతి ఆయనకు చెప్పడం మరిచిపోయాడు.

కరవు ప్రజలకు నీటి వసతి కోసం చెరువు తవ్విస్తున్న చోట లెక్కలు రాసే మనిషి బిడ్డలకు, ఆ చెరువు దగ్గరికి వచ్చే దారిలో గుక్కెడు నీళ్లు దొరకలేదు. ఈ వైరుధ్యం ఒక్కటే చాలు, ప్రజా ధనంతో కట్టినదంతా ప్రజలందరిదీ కాదని చెప్పడానికి. మరొక విషయం కూడా గమనించాలి. ఈ కథకు మూలం ఒక నౌకరు మరపు. అలాంటి పొరపాటు ఏ ఇంట్లోనైనా జరుగుతుంది. ఆ నలుగురు బ్రాహ్మణ పిల్లలే అయి ఉంటే, అది ఒక గంట ఆలస్యంతో ముగిసేది. స్టేషన్ మాస్టర్ ఇంటి నుంచి మంచినీళ్లు వచ్చేవి, బండివాళ్లు పోటీపడేవారు. మహర్ పిల్లలకు అదే పొరపాటు ప్రాణభయంతో గడిపిన రాత్రిగా మారింది. ఒక చిన్న తప్పు ఎంత నష్టం తెస్తుందన్నది కూడా కులాన్ని బట్టే ఉంటుంది. హాస్టల్ మెస్ బిల్లు ఆలస్యమైనా, స్కాలర్‌షిప్ ఒక నెల ఆగినా, ఒక సర్టిఫికెట్ పోయినా కొందరు విద్యార్థులకు అది చిరాకు, మరికొందరికి చదువే ఆగిపోయే ప్రమాదం. ప్రతిభను కొలిచే మన పద్ధతుల్లో ఈ తేడాకు చోటు లేదు.

చదువుకుంటే ఈ దారి మారుతుందని చెప్పేవారికి అంబేడ్కర్ జీవితంలోనే మరో స్టేషన్ జవాబు చెబుతుంది. 1929లో ఆయన అంటరాని కులాల సమస్యలపై బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడు. అప్పటికి కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన బారిస్టర్, శాసనమండలి సభ్యుడు, మహడ్‌లో చవదార్ చెరువు నీటి కోసం 1927 మార్చి 20న వేలమందిని నడిపించిన నాయకుడు. ఖాందేశ్ పర్యటనలో చాళీస్‌గావ్ స్టేషన్‌లో దిగితే, ఆయనను తమ వాడకు తీసుకువెళ్లడానికి అక్కడి మహర్లు టాంగా కోసం వెతికారు. తోలడానికి ఒక్క టాంగావాలా ఒప్పుకోలేదు. బండి అద్దెకు ఇస్తాం, తోలేది మాత్రం మేం కాదన్నారు. మసూర్ ఒప్పందమే మళ్లీ అమలైంది. తోలడం తెలియని వాడవాసి పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర చక్రం ఇరుక్కుని అంబేడ్కర్ రాళ్ల మీద పడిపోయారు. కాలు విరిగింది. ఇరవై ఎనిమిదేళ్ల వ్యవధిలో పిల్లవాడు బారిస్టర్ అయ్యాడు. స్టేషన్ నుంచి వాడకు వెళ్లే దారి మాత్రం మారలేదు.

ఇదంతా మరాఠీ దేశపు కథ అని తెలుగు పాఠకుడు దూరం పెట్టడానికి లేదు. 1901లో మసూర్ మీదుగా రైళ్లు నడిపిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీయే గుంతకల్లు – బెజవాడ మార్గాన్నీ నడిపింది. 1908లో అది మద్రాసు రైల్వేతో కలిసి, మన పాతతరం ఎం.ఎస్.ఎం. రైల్వేగా ఎరిగిన కంపెనీ అయింది. తర్వాత దాని కింద నడిచిన బెజవాడ – మద్రాసు మార్గంలో, తెనాలి దాటాక, చుండూరు అనే చిన్న స్టేషన్ వస్తుంది. ఆ ఊరి దళితుల్లో చదువుకున్నవారు, రైల్వేలోనూ ఇతర కొలువుల్లోనూ కుదిరినవారు ఉన్నారు. ఊరి పొలాల మీద పూర్తిగా ఆధారపడకుండా బతికే వీలు కొందరికైనా దొరికింది. తలెత్తి నడిచే ఆ స్వేచ్ఛనే ఆధిపత్య కులం సహించలేకపోయింది. సినిమా హాలులో కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా ముదిరి, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. రైలు ఆ ఊరికి వచ్చింది, ఉద్యోగాలూ వచ్చాయి. న్యాయం మాత్రం రాలేదు.

రైలు పట్టాల సంగతీ చెప్పుకోవాలి. దశాబ్దాలపాటు రైలు పెట్టెల మరుగుదొడ్ల మలం నేరుగా పట్టాల మీద పడింది. దాన్ని ఎత్తిపోసిన చేతులు ఎక్కువగా ఏ కులాలవో అందరికీ తెలుసు. 2013లో పార్లమెంటు పాకీపనిని నిషేధిస్తూ కొత్త చట్టం చేసినప్పుడు కూడా, నిర్ణీత రక్షణ సామగ్రితో శుభ్రం చేయిస్తే రైలు పెట్టె మరుగుదొడ్డిని 'అపరిశుభ్ర మరుగుదొడ్డి'గా పరిగణించరాదని మినహాయింపు ఇచ్చుకుంది. బెజవాడ విల్సన్ తదితరులు నిర్మించిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, పట్టాలపై ఈ పనిని గడువు పెట్టుకుని అంతం చేయాలని రైల్వేలను ఆదేశించవలసి వచ్చింది. టికెట్ కొన్నవాడి కులాన్ని పుస్తకంలో అడగని వ్యవస్థ, పట్టాలు ఊడ్చేవాడి విషయంలో ఊరి శ్రమ విభజననే కొనసాగించింది. మార్క్స్ అంచనా తప్పిన చోటు ఇదే.

రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజును ఈ వెలుగులో మళ్లీ చదవాలి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే స్థలాలు, వీటిలో దేని వినియోగానికీ కులం అడ్డు కాకూడదని అది శాసిస్తుంది. పొడిగా కనిపించే ఈ జాబితాలో నాకు మసూర్ నుంచి గోరెగావ్ దాకా ఉన్న దారి కనిపిస్తుంది. 1955 నాటి అంటరానితన నేరాల చట్టం ప్రజా వాహనాల వినియోగాన్ని నిరాకరించడాన్ని నేరంగా పేర్కొంది. ఆ మాట వెనుక మసూర్ బండివాళ్లూ, చాళీస్‌గావ్ టాంగావాలాలూ ఉన్నారనిపిస్తుంది. హక్కును దేవుడి పేరుతోనో, మానవత్వం పేరుతోనో సాధారణంగా ప్రకటించి వదిలేస్తే సరిపోదు. ఎక్కడెక్కడ అడ్డుకుంటారో ఆ చోటులను పేరుపేరునా రాయాలి. దాహంతో ఆ దారిన నడిచినవారికే ఆ అవసరం తెలుస్తుంది.

చట్టంలో రాసినది దారిలో అమలు కావాలంటే, ప్లాట్‌ఫారం మీద కోటు తొడుక్కుని నిలబడే మనిషి ఎవరు, అతను ఏ ప్రశ్న వేస్తాడు అన్నది తేలాలి. రిజర్వేషన్లను ఉద్యోగాల పంపకంగానే చూసేవారు ఈ కోణాన్ని వదిలేస్తున్నారు. మసూర్ స్టేషన్ గదిలో ఒక మహర్ ఉద్యోగి ఉండి ఉంటే ఆ పిల్లలకు ముందుగా దొరికేది మంచినీళ్లు. ప్రభుత్వ కార్యాలయంలో, పోలీస్ స్టేషన్‌లో, విశ్వవిద్యాలయంలో, న్యాయస్థానంలో ప్రాతినిధ్యం కోరడానికి ఇంతకంటే సూటి కారణం అక్కర్లేదు. ప్రైవేటు చేతుల్లోకి వెళుతున్న ప్రతి సేవతో ఆ ప్రాతినిధ్యం కుదించుకుపోతున్నది. ఈ విషయాన్ని విద్యార్థి ఉద్యమాలు తమ ప్రధాన చర్చల్లోకి తేవాలి.

ఇప్పటికీ మన రైలు ప్రయాణాల్లో ఎదుటి సీటు పెద్దమనిషి ఊరు అడుగుతాడు, తర్వాత ఇంటిపేరు అడుగుతాడు. తేలకపోతే, మీరు మనవాళ్లేనా అంటాడు. 1901లో స్టేషన్ మాస్టర్ అడిగినదీ అదే. ఆనాడు తొమ్మిదేళ్ల పిల్లవాడు ఏ జంకూ లేకుండా నిజం చెప్పాడు. ఆ నిజాన్ని ఏ భయమూ లేకుండా చెప్పగలిగే స్థితి మన ప్రతి స్టేషన్‌లోనూ, ప్రతి తరగతి గదిలోనూ రావాలి. అంతకంటే ముందు, ఆ ప్రశ్న వేయడానికే సిగ్గుపడే స్థితి రావాలి. మొదటిదాని కోసం దళితులు నూరేళ్లకు పైగా పోరాడుతూనే ఉన్నారు. రెండోది మాత్రం ప్రశ్న వేసేవారి పని. దానిని వారు ఇంకా మొదలుపెట్టలేదు.